బదులు దొరకని పిలుపు: 25 నెలల పాప కేసు, ఏడాది ఫాలో-అప్

ఇది ఏ ఒక్క బిడ్డ కేస్ షీటూ కాదు. మాట రాలేదని, పిలిస్తే పలకడం లేదని తీసుకొచ్చే రెండేళ్ల పిల్లల్లో తరచూ కలిసి కనిపించే సంగతుల్ని ఒక్క పాప చుట్టూ కూర్చి, ఈ పనిలో ఉన్నవాళ్ల కోసం రాసిన నమూనా కేసు. పాప కొలతలు, స్కోర్లు వివరించడం కోసం పెట్టినవి. మధ్యలో వచ్చే పరిశోధనల అంకెలు మాత్రం ప్రచురితమైనవే.

తీసుకొచ్చిన కారణం

పాపకు 25 నెలలు. మాటలు నాలుగే: "అమ్మ", "మ్మమ్మ", "బా" (బంతి), "వద్దు". వెనక నుంచి పిలిస్తే ఒకసారి తిరుగుతుంది, మూడుసార్లు తిరగదు. ఫోనులో పాట మోగితే మాత్రం పక్క గదిలోంచి పరుగెత్తుకొస్తుంది. ఈ చివరి సంగతి విని "అయితే చెవులు బాగానే ఉన్నాయి" అని ఇంట్లోవాళ్లు తేల్చుకున్నారు. చెవులు బాగుండి కూడా పలకడం లేదంటే ఆటిజమేనేమో అన్న భయంతో వచ్చారు.

నెలలు నిండాక పుట్టింది, 2.7 కిలోలు. మెడ నిలపడం, కూర్చోవడం, 13వ నెలలో నడక అన్నీ వేళకే జరిగాయి. తల్లి అయిదో నెలలో ఉద్యోగంలోకి తిరిగి వెళ్లింది. పగలంతా పాప అమ్మమ్మ దగ్గరే. అమ్మమ్మకు మోకాళ్ల అరుగుదల, నేలమీద కూర్చుంటే ఒకరు చెయ్యిచ్చి లేపాలి. పాపకు జలుబు తరచూ చేస్తుంది, గత శీతాకాలంలో రెండుసార్లు చెవి నొప్పి వచ్చింది.

ఇంటి వాతావరణం తెలుసుకోవాలంటే "రోజుకు టీవీ ఎంతసేపు చూస్తుంది?" అని అడిగితే పనికాదు. అందరూ తక్కువే చెబుతారు, అబద్ధమాడాలని కాదు, నడుస్తున్న టీవీని చూస్తున్న టీవీగా లెక్కపెట్టరు గనక. "నిన్న పొద్దున పాప ఎన్నింటికి లేచింది? లేవగానే ఎవరున్నారు? అప్పుడు టీవీ నడుస్తోందా?" అంటూ నిన్నటి రోజును గంట గంటకూ నడిపించి రాసుకోవాలి. అలా రాస్తే తేలింది ఇది: టీవీ నడిచేది 9 గంటలు, అందులో పాప నిలబడి చూసేది రెండున్నర గంటలు. తిండి పెట్టేటప్పుడు, పడుకోబెట్టేటప్పుడు చేతిలో ఫోను మరో 2 గంటలు. సీసాలో పాలు రోజుకు 900 మి.లీ. రాత్రి పదకొండున్నరకు నిద్ర, పొద్దున ఎనిమిదికి మెలకువ, మధ్యాహ్నం ఒక గంట కునుకు. మొత్తం తొమ్మిదిన్నర గంటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఈ వయసుకు నిద్ర 11 నుంచి 14 గంటలు ఉండాలి, కూర్చుని చూసే స్క్రీన్ గంట దాటకూడదు.

ముందు చెవి, తర్వాత రక్తం, ఆ తర్వాతే తెలివి

మేధో వికాసం కొలిచే పరీక్ష మొదట పెట్టకూడదు. సరిగా వినపడని బిడ్డ, రక్తం తక్కువై నీరసంగా ఉన్న బిడ్డ ఆ రోజు చూపించేది తన సామర్థ్యం కాదు. వరస తప్పితే తప్పుడు స్కోరు ఏళ్ల తరబడి ఆ బిడ్డ ఫైలులో ఉండిపోతుంది.

చెవుల్లో టింపనోమెట్రీ (కర్ణభేరి ఎంత కదులుతోందో చూసే పరీక్ష) చేస్తే రెండు వైపులా గీత చదునుగా వచ్చింది, టైప్ బి. అంటే కర్ణభేరి వెనక ద్రవం నిలిచి ఉంది. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, అందుకే ఎవరికీ తెలియదు. శబ్దం వచ్చిన వైపు తల తిప్పితే వెలిగే బొమ్మ కనిపించే పద్ధతిలో వినికిడి చూస్తే పాప స్పందించడం మొదలుపెట్టింది 35 డెసిబెల్స్ దగ్గర. చెవుడు అనేంత లోపం కాదు. చెవుల్లో దూది పెట్టుకుని రోజంతా తిరిగితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఫోనులో పాట గట్టిగా, లయతో వస్తుంది కాబట్టి అందుతుంది. మాటలోని స, చ, ట, ప లాంటి హల్లులు బలహీనమైన ధ్వనులు, అవి జారిపోతాయి. "చదివింది", "తడిసింది" రెండూ దాదాపు ఒకేలా వినబడే బిడ్డ ఏ మాట నేర్చుకుంటుంది?

రక్తంలో హిమోగ్లోబిన్ 9.4, ఫెర్రిటిన్ (ఐరన్ నిల్వల కొలత) 7. రెండేళ్లు దాటిన పిల్లలకు 11 కంటే తగ్గితే రక్తహీనత. అయిదేళ్లలోపు ఫెర్రిటిన్ 12 కంటే తగ్గితే ఐరన్ నిల్వలు అయిపోయినట్టు. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెర్రిటిన్ ఉత్తుత్తినే పెరుగుతుంది కనక జలుబు తగ్గాకే రక్తం తీయించాం. కారణం వెతకనక్కర్లేదు, పాలసీసాలోనే ఉంది. పాలలో ఐరన్ చాలా తక్కువ, పైగా 900 మి.లీ. పాలతో కడుపు నిండాక ఇంకేమీ తినబుద్ధి కాదు. రక్తంలో సీసం (లెడ్ అనే విష లోహం) స్థాయి 2.1, అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2021లో పెట్టిన 3.5 హద్దుకు లోపలే. థైరాయిడ్ మామూలుగా ఉంది.

ఐరన్ సంగతి ఇంకాస్త చెప్పాలి, దీన్ని "బలానికి టానిక్" స్థాయిలోనే వదిలేసేవాళ్లు ఎక్కువ. ఐరన్ తగ్గినప్పుడు శరీరం ఉన్నదాన్ని ముందు ఎర్ర రక్తకణాలకు ఇస్తుంది. మెదడు వాటా అంతకుముందే కోతపడుతుంది. అంటే హిమోగ్లోబిన్ పడిపోయిందని కాగితం మీద కనిపించేసరికే మెదడు కొంతకాలంగా లోటుతో నడుస్తోంది. నరాల మీద మైలిన్ పొర కట్టడానికి, డోపమైన్ తయారీకి, జ్ఞాపకానికి కీలకమైన హిప్పోకాంపస్‌లో శక్తి ఉత్పత్తికి ఐరన్ కావాలి. కోస్టారికాలో బెట్సీ లోజోఫ్ బృందం శైశవంలో దీర్ఘకాలం ఐరన్ లోపించిన పిల్లల్ని 19 ఏళ్లు వచ్చేదాకా గమనించింది. చిన్నప్పుడే మందిచ్చి రక్తహీనత సరిచేసినా మేధా పరీక్షల్లో మిగతా పిల్లలతో తేడా పోలేదు, ఆర్థికంగా వెనకబడిన ఇళ్లలో అది వయసుతో పాటు పెరిగింది కూడా. ఒకే లోపం, రెండు రకాల ఇళ్లు, రెండు రకాల ఫలితాలు. ఒంటికి చేసే వైద్యాన్ని, ఇంటి వాతావరణాన్ని విడదీసి చూడకూడదు అనడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ తెలియదు.

ఆటిజం స్క్రీనింగ్‌కు ఇంట్లోవాళ్లను అడిగే ప్రశ్నల పట్టిక ఎం-చాట్-ఆర్‌లో స్కోరు 5. 3 నుంచి 7 మధ్య వస్తే భయపెట్టకూడదు, వదిలేయనూ కూడదు. తప్పిన ప్రశ్నల్ని ఉదాహరణలతో మళ్లీ అడగాలి. రెండో దశలో స్కోరు 1కి దిగింది. పాప వేలు పెట్టి చూపిస్తుంది, తను చూసింది ఎదుటివాళ్లూ చూశారా అని మొహంలోకి చూస్తుంది, గిన్నెలో చెంచా తిప్పి బొమ్మ నోటికి పెడుతుంది. పసివాళ్ల వికాసం కొలిచే బేలీ-3 పరీక్షలో మేధ 85, భాష 71, కదలికలు 97. ఈ పరీక్షలో సగటు 100, ఒక ప్రామాణిక విచలనం, అంటే ఒక మెట్టు, 15. అంటే భాష దాదాపు రెండు మెట్లు కింద, మేధ ఒక మెట్టు కింద.

పది నిమిషాల వీడియో

ఈ కేసుకు తాళంచెవి ఇక్కడ దొరికింది. ఇంటికి వెళ్లి, ఏమీ చెప్పకుండా, అమ్మమ్మా పాపా మామూలుగా ఉన్నప్పుడు 10 నిమిషాలు వీడియో తీయించి, తర్వాత ఆపి ఆపి చూసి రెండే లెక్కలు కట్టాం. పాప ఎన్నిసార్లు ఎదుటి మనిషిని కదిపింది? కదిపిన 5 సెకన్లలోపు ఎన్నిసార్లు ఏదో ఒక బదులు వచ్చింది? చూపు, ధ్వని, సైగ, వస్తువు చాచడం అన్నీ కదపడమే. మాట, నవ్వు, అటు చూడటం, అందుకోవడం అన్నీ బదులే.

మూడో నిమిషంలో ఏం జరిగిందంటే: పాప నేలమీద స్టీలు డబ్బా మూత తీసింది. మూత లోపలి వైపు తన మొహం కనిపించింది. మూత కొంచెం వంచింది, మొహం సాగింది. "ఆఁ" అంది. అమ్మమ్మ వైపు తిరిగి మూత పైకెత్తింది. అమ్మమ్మ సోఫాలో ఉంది, కళ్లు టీవీ మీద. పాప మూత ఇంకా పైకెత్తింది. రెండు సెకన్లు, మూడు, నాలుగు. చెయ్యి దిగింది. మూత పక్కన పెట్టేసి టీవీ వైపు తిరిగింది. అమ్మమ్మ ప్రేమలేని మనిషి కాదు. అదే వీడియోలో పాప తుమ్మగానే చప్పున కొంగు అందుకుంది. ఆమెకు పాప అవసరం కనిపించింది, పాప మాట కనిపించలేదు. ఎందుకంటే అది మాటలా లేదు, మూత ఎత్తినట్టుంది.

పది నిమిషాల్లో పాప కదిపింది 14 సార్లు. బదులు వచ్చింది 3 సార్లు.

రెండేళ్లలోపు మెదడులో కలుగుతున్న కొత్త నరాల కలయికల్లో ఏవి నిలబడాలి, ఏవి రాలిపోవాలి అన్నది వాడకం తేలుస్తుంది. బిడ్డ ఒకటి చేస్తుంది, లోకం బదులిస్తుంది, ఆ జత నిలబడుతుంది. కారణం, ఫలితం, వంతు, ఎదుటివాళ్ల మనసు, ఈ పాఠాలన్నీ ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోనే ఉన్నాయి. 1970ల్లో ఎడ్వర్డ్ ట్రానిక్ చేసిన ప్రయోగంలో తల్లి బిడ్డ ఎదురుగానే ఉండి మొహం కదపకుండా రెండు మూడు నిమిషాలు ఉంటే, నెలల పసికందు మొదట తల్లిని మళ్లీ కదిపే ప్రయత్నం చేస్తుంది, తర్వాత మొహం తిప్పేసుకుంటుంది. పక్కనే ఉండి ఫోనులో మునిగిన మనిషి మొహం దాదాపు అలాంటిదే.

టీవీ సంగతికొస్తే, పిల్లలు దాన్ని చూడకపోయినా అది పని చేస్తూనే ఉంటుంది. మారీ ఎవాన్స్ ష్మిత్ బృందం 2008లో ప్రచురించిన అధ్యయనంలో 12, 24, 36 నెలల పిల్లలు 50 మందికి బొమ్మలిచ్చి, పక్కన పెద్దలు చూసే కార్యక్రమం నడిపించారు. పిల్లలు టీవీ వైపు చూసింది కాసేపే. అయినా ఒక బొమ్మతో కుదురుగా ఆడే వ్యవధి తగ్గింది. ఈ పాపకు ఇంకో చిక్కు కూడా ఉంది. మాట్లాడే మనిషికి దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ పడిపోతుంది. సోఫా నుంచి 4 మీటర్ల అవతలి పాపకు చేరే మాట, అర మీటరు దగ్గర మాటకంటే 18 డెసిబెల్స్ దాకా తక్కువ (గోడల ప్రతిధ్వని వల్ల ఇంట్లో ఈ నష్టం కొంత తగ్గుతుంది). దాని మీద చెవిలో ద్రవం. దాని మీద టీవీ. ఎవరూ పాపతో మాట్లాడటం లేదని కాదు, ఆ మాట చేరడం లేదు.

"లేటైపోయిందా అండీ?"

తల్లి మొదట అడిగిన ప్రశ్న ఇదే. దీనికి ధైర్యం చెప్పే మాటలు కాకుండా నిజమైన జవాబు ఇవ్వాలి.

వయసు ప్రభావం మీద ఉన్న గట్టి ఆధారం బుకారెస్ట్ ప్రాజెక్టు. చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా రొమేనియా అనాథాశ్రమాల్లోని 6 నుంచి 31 నెలల పిల్లలు 136 మందిని తీసుకుని, చీటీ పద్ధతిలో సగం మందిని పెంపుడు కుటుంబాల్లో పెట్టారు. 2007లో వచ్చిన ఫలితాల ప్రకారం 54 నెలల వయసుకు పెంపుడు ఇళ్లకు వెళ్లినవాళ్ల సగటు ఐక్యూ 81, ఆశ్రమం వాటాకు వచ్చినవాళ్లకు 73, మొదటి నుంచీ సొంత ఇంట్లో పెరిగినవాళ్లకు 109. 42 నెలలప్పుడు చూస్తే, 18 నెలలకు ముందే ఇల్లు దొరికినవాళ్ల సగటు 94, 18 నుంచి 24 నెలల మధ్య వెళ్లినవాళ్లది 89, 24 దాటాక వెళ్లినవాళ్లది 80 చుట్టూ.

తల్లికి చెప్పింది: "అమ్మా, ఆ పిల్లలకు తమవాళ్లంటూ ఒక్క మనిషి లేరు. మీ పాపకు ఇద్దరున్నారు. ఈ అంకెలు మీ పాపవి కావు. కానీ ఒక సంగతి అందరికీ వర్తిస్తుంది, వచ్చే నెల మొదలుపెట్టడం కంటే ఈ వారం మొదలుపెట్టడం మేలు." తలుపు మూసుకుపోయిందనడం తప్పు, ఎప్పుడైనా సరిచేసుకోవచ్చనడమూ తప్పే.

మొదటి ప్లాను, అది ఎందుకు బెడిసింది

మొదట ఇచ్చిన సలహాలు నాలుగు. ఐరన్ మందు. చెవికి 3 నెలల గమనింపు (ఈ ద్రవం చాలామందిలో మూడు నెలల్లో దానంతటదే ఇంకిపోతుంది, వెంటనే ఆపరేషన్ అక్కర్లేదు). టీవీ కట్టేయడం. "పాపతో ఎక్కువగా మాట్లాడండి."

ఈ నాలుగో సలహా తప్పు. ఉద్దేశం తప్పు కాదు, మాట తప్పు. రెండో వారం ఇంటికి వెళ్లేసరికి గోడకు బొమ్మల పటాలు వెలిశాయి. అమ్మమ్మ చాలా నిష్ఠగా పాఠం చెబుతోంది. "ఇదేంటి? చెప్పు. ఇదేంటి? ఏనుగు. ఏనుగు అను. అనవే తల్లీ." పది నిమిషాల వీడియోలో ప్రశ్నలు 41. పాప తనంతట తాను కదిపింది 6 సార్లే. మొదట 14 ఉండేది. రెండు వారాల మన వైద్యం పాప చొరవను సగానికి పైగా తగ్గించింది.

ఎందుకంటే సమాధానం తెలిసిన ప్రశ్న సంభాషణ కాదు, పరీక్ష. జవాబు చెప్పలేని బిడ్డకు ప్రతి ప్రశ్నా ఒక ఓటమి. పైగా పాప చూస్తున్నది కిటికీ మీద వాలిన పిట్టను, అమ్మమ్మ చూపిస్తున్నది పటంలోని ఏనుగును. బిడ్డ కన్ను ఎక్కడుందో అక్కడి మాటే అంటుకుంటుంది. మాటల సంఖ్య ముఖ్యమన్న నమ్మకం 1995 నాటి హార్ట్, రిస్లీల అధ్యయనంతో బలపడింది, 42 కుటుంబాల నుంచి 3 కోట్ల మాటల తేడా అన్న లెక్క వచ్చింది అందులోంచే. 2018లో రేచల్ రోమియో బృందం మాటల రాశినీ, ఒకరి తర్వాత ఒకరు పలికే వంతులనూ విడిగా కొలిచింది. 4 నుంచి 6 ఏళ్ల పిల్లల్లో కథ వింటున్నప్పుడు మెదడులో భాషకు కీలకమైన బ్రోకా ప్రాంతం చురుకుదనం, విన్న మాటల సంఖ్యతో కాక పెద్దవాళ్లతో నడిచిన వంతుల సంఖ్యతో ముడిపడి కనిపించింది.

మార్చిన ప్లాను

"ఎక్కువ మాట్లాడండి" తీసేసి, "పాప మొదలుపెట్టేదాకా ఆగండి" అన్నాం. పని ఇంతే: పాప ఏం చూస్తోందో చూడాలి. మనసులో అయిదు లెక్కపెట్టుకుంటూ ఆగాలి. పాప కదిపితే బదులివ్వాలి, పాప ఇచ్చినదానికి ఒక్క మాట చేర్చాలి. మళ్లీ ఆగాలి. పాప "బా" అంటే "బంతి" అని కాసేపాగి, "బంతి దొర్లింది" అనాలి. "బా కాదు, బంతి అను" అనకూడదు.

అయిదు లెక్కపెట్టడం చెప్పినంత తేలిక కాదు. రెండు దగ్గరే నోరు తెరుచుకుంటుంది. అమ్మమ్మకు ఒక చేతి వేళ్లు ఒక్కొక్కటే ముడవమని చెప్పాం, చెయ్యి మూసుకున్నాకే మాట. ఇది పట్టుబడటానికి మూడు వారాలు పట్టింది.

ఏ మాట చేర్చాలన్నదానిలో ఒక మెలకువ ఉంది. పెద్దలు పేర్ల మీద పడతారు: ఏనుగు, ఎరుపు, గుండ్రం. పాపకు ముందు కావలసినవి పనిమాటలు. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది, చివరి మాట పసివాళ్ల చెవికి బాగా అందుతుంది. పైగా ఒక్క క్రియే పూర్తి వాక్యంగా చెల్లుతుంది: "పడింది", "అయిపోయింది", "ఇవ్వు", "రా", "తియ్యి". అందుకని మొదటి నెలకు పది క్రియలు ఎంచుకుని, రోజువారీ పనుల్లో అవే మళ్లీ మళ్లీ వచ్చేలా చూశాం.

దీనికి ప్రత్యేకంగా క్లాసు టైము పెట్టలేదు. రోజూ ఎలాగూ జరిగే మూడు పనుల్ని ఎంచుకున్నాం: స్నానం, బట్టలు మడతపెట్టడం, పడక. ఒక్కోటీ 10 నిమిషాలు. ప్రత్యేకంగా పెట్టిన గంట నాలుగో రోజుకు ఎగిరిపోతుంది, స్నానం ఎగిరిపోదు. అమ్మమ్మ నేలకు దిగలేదు కాబట్టి పాపనే పైకి తెచ్చాం. చేతులున్న కుర్చీలో అమ్మమ్మ, ఎదురుగా గట్టి బల్ల మీద పాప, ఇద్దరి మొహాలూ ఒకే ఎత్తులో, చెయ్యి చాస్తే అందే దూరంలో. ద్రవం ఉన్న చెవికి ఇదే మందు.

టీవీ పూర్తిగా కట్టేయమన్న సలహాను కూడా వెనక్కి తీసుకున్నాం. ఆ ఇంట్లో పగలంతా అమ్మమ్మతో మాట్లాడేది అదొక్కటే. దాన్ని లాగేస్తే వారానికి మించి నిలబడదు, నిలబడినా ఆమె మనసు కుంగుతుంది, కుంగిన మనసు బిడ్డకు బదులివ్వలేదు. ఆమె చూసే కార్యక్రమాలు పాప మధ్యాహ్నం నిద్రపోయే వేళలోకి జరిగాయి. మోకాళ్లకు వైద్యం మొదలైంది, అది కూడా ఈ ప్లానులో భాగంగానే రాశాం.

ఆట వస్తువుల్లో కొత్తవి ఏమీ కొనిపించలేదు. ఉన్నవాటిలో 6 బయట, మిగతావి పెట్టెలో, వారానికొకసారి మార్పు. నలభై బొమ్మలు పరిచి ఉంటే పాప ఒక్కదాని దగ్గరా అర నిమిషం ఆగలేదు. మూతలున్న డబ్బాలు, ఒకదానిలో ఒకటి పట్టే గిన్నెలు, బట్టల క్లిప్పులు బాగా పనికొచ్చాయి. 4 సెంటీమీటర్ల కంటే చిన్నవీ, బటన్ బ్యాటరీ ఉన్నవీ తీసేయించాం.

ఇంటి సందర్శన వారానికి ఒక గంట చొప్పున 12 వారాలు, తర్వాత రెండు వారాలకోసారి ఇంకో 12 వారాలు. ఈ పద్ధతికి మూలం జమైకాలో సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ 1980ల్లో చేసిన ప్రయోగం. ఎదుగుదల కుంటుపడిన 9 నుంచి 24 నెలల పిల్లలు 129 మంది అందులో ఉన్నారు. ఆరోగ్య కార్యకర్తలు వారానికి గంట చొప్పున రెండేళ్లు ఇంటికి వెళ్లి, ఇంట్లో చేసిన ఆట వస్తువులతో తల్లి చేత ఆడించారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల సంపాదన, సందర్శన అందనివాళ్ల కంటే 25 శాతం ఎక్కువ అని 2014లో తేలింది. కార్యకర్త బిడ్డతో ఆడేసి వెళ్లిపోవడం కాదు, తల్లి చేత ఆడించడం, అక్కడే ఉంది కిటుకు. మన సందర్శనల్లోనూ గంటలో 40 నిమిషాలు పాప అమ్మమ్మ చేతుల్లోనే ఉంది.

మందు దగ్గర జరిగిన పొరపాటు

బరువు 10.4 కిలోలు. కిలోకు 3 మి.గ్రా. చొప్పున రోజుకు 30 మి.గ్రా. ఐరన్, పొద్దున ఒకే మోతాదు. ఇక్కడ లెక్క జాగ్రత్త. సీసా మీద రాసేది ఒక్కోసారి లవణం బరువు, ఒక్కోసారి అందులోని అసలు ఐరన్. 100 మి.గ్రా. ఫెర్రస్ ఫ్యూమరేట్‌లో ఐరన్ 33 మి.గ్రా.

నాలుగో వారం హిమోగ్లోబిన్ 9.6. కనీసం 1 గ్రాము పెరగాల్సింది, పెరగలేదు. ఇలాంటప్పుడు మోతాదు పెంచడం తొందరపాటు. "ఎలా ఇస్తున్నారు, చేసి చూపించండి" అంటే తేలింది, చేదుగా ఉందని పాలసీసాలో కలుపుతున్నారు. పాలలోని కాల్షియం ఐరన్‌ను ఒంటబట్టనివ్వదు, పైగా సీసాలో సగం పాలు మిగిలిపోతున్నాయి. పాలకు గంట ఎడంగా, విటమిన్ సి ఉన్న పండ్ల రసంతో, సిరంజితో బుగ్గ లోపలికి వదలడం నేర్పాం. పళ్ల మీద నల్ల చార పడకుండా తర్వాత నీళ్లు తాగించాలి. మలం నల్లబడుతుందని ముందే చెప్పాలి, లేకపోతే రక్తం పోతోందని భయపడి మందు ఆపేస్తారు. సీసా తాళం వేసే చోటే ఉండాలి, ఎక్కువైతే ఐరన్ పసివాళ్లకు ప్రాణాంతకం. పాలు 900 నుంచి 400 మి.లీ.కి, సీసా నుంచి కప్పుకు. ఎనిమిదో వారం హిమోగ్లోబిన్ 10.8, పన్నెండో వారం 11.5. నిల్వలు నిండాలని మందు ఇంకో రెండు నెలలు కొనసాగించాం.

తిండి దగ్గర ఫోను తీసేసిన మొదటి అయిదు రోజులు కష్టంగా గడిచాయి. పాప ఏడ్చింది, సగమే తిన్నది, 100 గ్రాములు తగ్గింది. మూడో రోజు తండ్రి ఫోను చేసి "పిల్లకు నేర్పించే వీడియోలే కదండీ, అవైనా పెట్టొచ్చా?" అని అడిగాడు. 2003లో పట్రీషియా కూల్ చేసిన ప్రయోగం గురించి చెప్పాం. 9 నెలల పిల్లల ఎదుట చైనీస్ మాండరిన్ మాట్లాడే మనిషి కూర్చుని 12 సార్లు ఆడితే, వాళ్లు ఆ భాష ధ్వనుల్ని విడగొట్టి వినడం నేర్చుకున్నారు. అదే మనిషి, అవే మాటలు వీడియోలో చూపిస్తే ఏమీ నేర్చుకోలేదు. వీడియో పిల్లవైపు చూసి ఆగదు. తిండికి 25 నిమిషాల హద్దు, ఆ తర్వాత కంచం తీసేయడం, తినకపోతే పాలతో పూడ్చకపోవడం. రెండో వారానికి కుదురుకుంది. నిద్రను మూడు రోజులకోసారి 15 నిమిషాలు ముందుకు జరుపుతూ రాత్రి తొమ్మిదిన్నరకు తెచ్చాం.

ఏం మారింది

ఎనిమిదో వారానికి మాటలు 17, అందులో తొమ్మిది క్రియలు. పదహారో వారం వీడియోలో పాప కదిపింది 22 సార్లు, బదులు వచ్చింది 17 సార్లు. అప్పటికి "అమ్మమ్మ రా", "బంతి పడింది" అంటోంది. పన్నెండో వారం కుడి చెవి మామూలైంది, ఆరో నెలకు రెండోదీ. 37వ నెలలో బేలీ-3 మళ్లీ చేస్తే మేధ 95, భాష 89.

ఇందులో ఏది ఎంత పని చేసిందో ఈ కేసు చెప్పలేదు. చెవి, రక్తం, నిద్ర, టీవీ, బదులు అన్నీ ఇంచుమించు ఒకేసారి మారాయి. మాట ఆలస్యమైన పిల్లల్లో చాలామంది ఏమీ చేయకపోయినా అందుకుంటారు. రెండోసారి పరీక్షలో కొంత అలవాటు కూడా కలుస్తుంది. కాబట్టి 18 అంకెల పెరుగుదలను మన ఖాతాలో రాసుకోలేం. ఒక్క సంగతి మాత్రం వీడియోలో తేదీలతో సహా ఉంది. రెండో వారంలో, చెవీ రక్తమూ ఇంకా అలాగే ఉన్నప్పుడు, ప్రశ్నలు పెరిగేసరికి పాప చొరవ 14 నుంచి 6కి పడింది. ప్రశ్నలు ఆపి వేళ్లు ముడవడం మొదలయ్యాక, మందు ఇంకా పని మొదలుపెట్టకముందే, అయిదో వారానికి 15కి వచ్చింది.

మిగిలినవి ఉన్నాయి. గడిచిపోయిన సంగతిని వరసగా చెప్పడం రాలేదు. వంతు కోసం ఆగడం, ఒక ఆట నుంచి ఇంకో ఆటకు నియమం మార్చుకోవడం వయసుకు తగ్గట్టు లేవు. మాట వచ్చేసింది కదా అని ఈ దశలో ఫైలు మూసేస్తే, బడిలో అక్షరాల దగ్గర ఇబ్బంది బయటపడే అవకాశం ఉంది. ప్రతి జలుబు తర్వాత మూడు వారాలకు టింపనోమెట్రీ, ఆరు నెలలకు ఫెర్రిటిన్, 48వ నెలలో భాషా పరీక్షతో పాటు కథను తిరిగి చెప్పించడం, పది నిమిషాల వీడియో. ఈసారి వీడియోలో లెక్కపెట్టేది బదుళ్లను కాదు, ఒక్కో సంభాషణ ఎన్ని వంతులు సాగుతోందో.